మోకు వదిలే ముందు

ఆరేళ్ళ తర్వాత మా మరదలు మా గుమ్మం ముందు నిలబడింది. ఒక చేతిలో గుడ్డ సంచి. ఇంకో చేతిలో మొగుడి మణికట్టు.

"బావా, ఈయన్ని ఎనిమిది రోజులు చూసుకోవాలి," అంది.

నేను లోపలికి రమ్మనలేదు. తలుపు రెక్క పట్టుకుని, దారికి అడ్డంగా నిలబడ్డాను. మూడు అంతస్తులు ఎక్కి వచ్చింది కనుక ఆయాసపడుతోంది. పడనీ అనుకున్నాను.

ఆమె మొగుడు నాకు తోడల్లుడు. దుకాణాల మీద బోర్డులు రాసేవాడు. వంకర లేని అక్షరం రాసేవాడని వీధిలో పేరుండేది. ఇప్పుడు అక్షరాలు తప్ప అన్నీ మరిచిపోయాడు. మా గుమ్మం పక్కన కరెంటు మీటరు మీద ఉన్న రేకుముక్కని పైకే చదువుకుంటున్నాడు. చదవడం అయ్యాక చుట్టూ చూశాడు.

"నేనెవరి దగ్గరున్నాను?" అన్నాడు.

"నా దగ్గర," అంది మరదలు, అతనివైపు చూడకుండానే.

"ఆఁ," అని మళ్ళీ మీటరు చదవడం మొదలుపెట్టాడు.

"నాకు కడుపులో గడ్డ," అంది నాతో. "రేపు పొద్దున్నే చేరమన్నారు. ఇంక ఆపితే లాభం లేదన్నారు. ఈయన్ని వార్డులో ఉంచనివ్వరు."

"నీ ఆడబిడ్డ ఏమైంది?"

"అన్నయ్యని కడుపులో పెట్టుకుని చూసుకుంటానంది. ఈ నెల మాత్రం వీలుకాదంది."

"మరిది?"

"కంటికి రెప్పలా చూసుకుంటానన్నాడు. పోయిన నెల ఒక్క పూట వదిలాను. వాకిట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టి, లోపలికి పోయి పడుకున్నాడు. ఈయన లేచి వెళ్ళి నడిరోడ్డు మీద నిలబడ్డాడు. ఎదురుగా ఏదో బోర్డు ఉందట, చదువుతున్నాడట. లారీవాడు బ్రేకు వేశాడు కాబట్టి సరిపోయింది. రెండోసారి లారీవాళ్ళందరూ బ్రేకు వెయ్యరు కదా బావా."

నాకు నవ్వొచ్చింది. కడుపులో పెట్టుకునేవాళ్ళు, కళ్ళల్లో పెట్టుకునేవాళ్ళు, అరచేతుల్లో పెట్టుకునేవాళ్ళు. మన భాషలో ఒక మనిషిని దాచడానికి ఒంట్లో చోటు కానిది లేదు. కడుపులోకి పోయినదేదైనా తెల్లారేసరికి ఏమవుతుందో అందరికీ తెలుసు. రెప్పలు పొద్దస్తమానం మూసుకుంటూనే ఉంటాయి. మా ఊరి బడిలో మేష్టారు పాఠం అప్పజెప్పమనేవారు. కళ్ళు మూసుకుని గడగడా అప్పజెప్పేవాళ్ళం. అప్పజెప్పి కూర్చున్నాక ఒక్క ముక్క గుర్తుండేది కాదు. నేను ఐదో తరగతి దాకానే చదివాను. ఆ మాటకి అర్థం మటుకు అక్కడే బోధపడింది. అప్పజెప్పడమంటే వదిలించుకోవడం.

"మరి నా దగ్గరికెందుకొచ్చావు?" అన్నాను.

"ఇష్టమై రాలేదు. మోకు పట్టినవాడివి, వదలవని వచ్చాను."

మోకు పట్టిన సంగతి చెప్పాలి.

నేను ఇరవై రెండేళ్ళు ఒక గోదాములో పని చేశాను. మూడంతస్తుల గోదాము. పైకప్పు దూలానికి కప్పీ, కప్పీ మీదుగా మోకు, అంటే లావుపాటి తాడు, మోకు చివర కొక్కెం. కింద బస్తాలు కట్టి తగిలిస్తే మేము లాగేవాళ్ళం. బరువు గాలిలో వేలాడుతుండగానే ఒక్కోసారి మోకు చేతులు మారాలి. పట్టినవాడి అరచేతులు మండిపోతాయి, లేదా వాడి పూట అయిపోతుంది. అప్పుడు పక్కవాడు అందుకోవాలి.

మా ముఠాలో ఐదు భాషలవాళ్ళం. మోకు అందించేటప్పుడు ఒక్కొక్కడిదీ ఒక్కో మాట. మేము "చూసుకో" అనేవాళ్ళం. పడవల మీద పని చేసి వచ్చినవాళ్ళు "నీ చెయ్యి తడిసింది" అనేవాళ్ళు. వాళ్ళ తాళ్ళు ఎప్పుడూ తడిగానే ఉంటాయి కదా, అందుకు. కొండల నుంచి వచ్చినవాళ్ళు "ఇక నీ భుజం" అనేవాళ్ళు. పశువుల్ని మేపే జాతివాళ్ళు "నీ మందలో కలిపాను" అనేవాళ్ళు. వినడానికి ఎంత బాగుంటాయో చూడండి. అన్నీ ఇచ్చేవాడి మాటలే. అనేసి చేతులు దులుపుకుని బీడీ వెలిగించుకోవడానికి పోయే మాటలు.

ఒక్కడే తేడా. ఉప్పు మళ్ళలో పుట్టి పెరిగినవాడు, వాణ్ణి ఉప్పాయన అనేవాళ్ళం. వాళ్ళ భాషలో ఇచ్చేవాడికి మాటే లేదు. నోరు మూసుకుని పట్టుకునే ఉంటాడు. పుచ్చుకునేవాడు అనాలి, "నా దగ్గర" అని. ఆ మాట చెవిన పడేదాకా ఉప్పాయన మోకు వదిలేవాడు కాదు. మొదట్లో మేమందరం వాణ్ణి ఆటపట్టించాం. "ఏమోయ్ ఉప్పాయనా, మోకుని పెళ్ళి చేసుకున్నావా?" అనేవాళ్ళం. వాడు పలికేవాడు కాదు. వదిలేవాడూ కాదు.

ఒకరోజు మావాడొకడు "చూసుకో" అని వదిలాడు. పక్కవాడు ఆ క్షణాన మొహం మీద చెమట తుడుచుకుంటున్నాడు. మూడు బస్తాలు కిందపడి ఒకడి కాలు నుజ్జయింది. వదిలినవాడు మేస్త్రీ ముందు నిలబడి "నేను చెప్పాను కదండీ, చూసుకోమని చెప్పాను కదండీ" అని పదిసార్లు అన్నాడు. నిజమే, చెప్పాడు. అందరం విన్నాం.

మేస్త్రీ చదువుకున్నవాడు కాదు. కానీ బుర్ర ఉన్నవాడు. "ఇచ్చినోడి మాట నాకొద్దురా. పుచ్చుకున్నోడి మాట కావాలి. ఏ భాషలో అంటారో మీ ఇష్టం. అది వినకుండా మోకు వదిలినోడు మర్నాడు పన్లోకి రానక్కర్లేదు," అన్నాడు. ఆనాటి నుంచి ఐదు భాషలవాళ్ళమూ ఉప్పాయన మాటే అన్నాం. తర్వాత ఒక్క బస్తా పడలేదు.

నేనీ కథ ఇంట్లో చెప్పుకుని మురిసేవాణ్ణి. మా ఆవిడ వేళాకోళం చేసేది. కూర గిన్నె చేతికిస్తూ వదిలేది కాదు. "అను, అంటేనే ఇస్తా," అనేది.

తర్వాత ఆమెకి పక్షవాతం వచ్చింది. కుడిపక్క పడిపోయింది. గొంతు కూడా సరిగా పని చేసేది కాదు. పడుకుని గుక్కెడు నీళ్ళు తాగినా ఊపిరితిత్తుల్లోకి పోతాయని డాక్టరు చెప్పాడు. కూర్చోబెట్టి, గడ్డం కిందికి వంచి, చెంచాతో పట్టాలి. గ్లాసు చేతికందే దూరంలో ఉంచకూడదు. అందితే తనే తాగేస్తుంది. "నేనేమైనా చంటిపిల్లనా?" అనేది, మాట ముద్దగా వచ్చినా రోషం తగ్గకుండా. నేను పని మానేసి ఇంట్లో ఉన్నాను. సాయానికి మరదలు నెల్లాళ్ళ కోసం మొగుణ్ణి తీసుకుని వచ్చి ఉంది. అప్పటికి అతనికి మతిమరుపు మొదలే.

ఆ రోజు జరిగింది ఇదీ. ఆ ఒక్క పూటకి గోదాముకి రమ్మంటే వెళ్ళాను. మరదలు వసారా చివర గదిలో బట్టలు ఉతుకుతోంది. అక్కని ఆమెకి అప్పజెప్పి వెళ్ళాను. ఆమె పక్కవాటాలో ఉండే కుట్టుపని ఆవిడకి చెప్పి బయటికి పోయింది. కుట్టుపని ఆవిడది కొండవాళ్ళ భాష. ఆవిడ వచ్చి, రోగికి దాహమేస్తుందేమోనని దయగా గ్లాసు నిండా నీళ్ళు స్టూలు మీద పెట్టి, గిరాకీ వస్తే కింద గడియారాలు బాగుచేసే ఆయనకి "ఇక నీ భుజం" అని కేకేసి పోయింది. ఆయన పడవలవాళ్ళ భాషవాడు. కంటికి భూతద్దం పెట్టుకుని, తల ఎత్తకుండా, ఆఁ ఆఁ అన్నాడు. మేడ మీద చప్పుడైతే వెళ్దామనుకున్నాడట. చప్పుడు కాలేదట. ఊపిరాడనివాళ్ళు చప్పుడు చెయ్యరని ఆయన గడియారాలు ఆయనకి చెప్పలేదు.

నేను వచ్చేసరికి గ్లాసు నేల మీద ఉంది.

అందరూ వచ్చి నా ముందు నిలబడ్డారు. నేను చెప్పాను, నేను చెప్పాను అన్నారు, ఎవరి భాషలో వాళ్ళు. ఏం విన్నారో ఒక్కరూ చెప్పలేదు. ఆ గదిలో మూడు భాషల్లో మా ఆవిణ్ణి ఒకరికొకరు అప్పజెప్పుకున్నారు. పుచ్చుకున్న మనిషి ఒక్క భాషలోనూ లేదు.

కర్మకాండ అయ్యాక మరదల్ని గుమ్మం తొక్కొద్దన్నాను. తొక్కలేదు, ఈ రోజు దాకా.

ఇదంతా గుమ్మంలో నిలబడే ఆమె మొహాన మళ్ళీ అన్నాను. వరస తప్పకుండా, బడిలో పాఠం అప్పజెప్పినట్టు. కుట్టుపని ఆవిడ తలుపు కొద్దిగా తెరుచుకుని, మళ్ళీ మూసుకుంది. మరదలు అంతా విన్నది. సంచి కింద పెట్టింది. మొగుడి మణికట్టు మాత్రం వదల్లేదు.

"అయిందా?" అంది.

"అయింది."

"ఆరేళ్ళుగా ఊరందరికీ ఇదే చెప్పావు. నన్ను ఒక్క మాట అడిగావా?"

"ఏమడగాలి నిన్ను?"

"నువ్వు మెట్ల మీంచి 'అక్కని చూసుకో' అని అరిచినప్పుడు నేనేమన్నానో."

"ఏమీ అనలేదు నువ్వు."

"అన్నాను. 'ఉండు బావా, పన్నెండింటికి ఈయన్ని డాక్టరు పిలుస్తాడు, ఈ రోజు తప్పితే మళ్ళీ రెండు నెలలు' అన్నాను. సబ్బు చేతులతో వసారాలోకి పరిగెత్తుకొచ్చేసరికి నువ్వు వీధి మలుపులో ఉన్నావు. నీ వీపు కనపడింది. పిలిచాను. తిరగలేదు."

"నాకు వినపడలేదు."

"ఆగితే కదా వినపడేది!"

తోడల్లుడు మా ఇద్దరి మొహాలూ చూశాడు. "నేనెవరి దగ్గరున్నాను?" అన్నాడు.

"నా దగ్గర," అంది.

"అబద్ధమాడుతున్నావు" అనబోయాను. నోరు తెరిచాను కూడా. అప్పుడు ఆ పొద్దు గుర్తుకొచ్చింది, ఎవరూ అడక్కపోవడం వల్ల ఆరేళ్ళుగా గుర్తుకు రానిది. గోదాముకి కొత్త మోకు వచ్చింది. దాన్ని పాత కొక్కేనికి పేని అతకడం నా తర్వాత ఇంకెవరికీ చేతకాలేదు. మేస్త్రీ మనిషిని పంపాడు. నేను లేకపోతే పని ఆగిపోయిందని వాడు కింద వీధిలో నిలబడి గట్టిగా, నలుగురూ వినేలా చెప్పాడు. నేను ఉతికిన చొక్కా వేసుకున్నాను. మెట్లు రెండేసి దిగాను. దిగుతూ, తల తిప్పకుండా ఒక మాట పైకి విసిరాను. కుళాయి నీళ్ళ చప్పుడు నాకు వినపడుతూనే ఉంది. దాని వెనక మనిషి గొంతు ఉందా లేదా అని నేను ఆగలేదు.

ఆ మధ్యాహ్నం గోదాములో, కొత్త మోకు బిగువు చూడ్డానికి రెండు ఖాళీ బస్తాలు కట్టి లాగాం. నేను మోకు అందిస్తుంటే పక్కవాడు మాట అనడం మరిచిపోయాడు. "అనరా," అని కసిరాను వాణ్ణి. అనేదాకా వదల్లేదు. ఖాళీ బస్తాలు.

ఇరవై రెండేళ్ళు గోనె సంచులకి ఇచ్చిన మర్యాద నేను పెళ్ళానికి ఇవ్వలేదు. కాలు నుజ్జు చేసినవాణ్ణి చూసి ఉమ్మేసినవాణ్ణి నేను. ఆ తర్వాత ఆరేళ్ళు "నేను చెప్పాను కదా" అని వాడి మాటే వాడి గొంతుతోనే ఊరంతా చెప్పుకు తిరిగాను.

కానీ అంతమాత్రాన మరదలు బయటపడదు.

"నేను వినలేదని నీకు తెలుసు. తెలిసీ వెళ్ళావు," అన్నాను.

"తెలుసు. వెళ్ళాను. కాదని ఎప్పుడన్నాను? గ్లాసు సంగతి ఆవిడకి చెప్పడం మరిచిపోయాను. అందుకే ఆరేళ్ళు రాలేదు. ఇప్పుడు ఈయన ఉన్నాడు కాబట్టి వచ్చాను. నన్ను తిట్టడం అయిపోతే ఈయన సంగతి చెప్పు."

కింద ఎవరో సైకిలు స్టాండు వేశారు. తోడల్లుడు గోడ మీద పిల్లలెవరో బొగ్గుతో గీసిన అక్షరాల దగ్గరికి పోబోయాడు. మణికట్టు ఆమె చేతిలో ఉండటంతో వెనక్కి వచ్చాడు.

"ఏం తింటాడు?" అన్నాను.

"ఏది పెడితే అది. వేడిది ఊదకుండా నోట్లో పెట్టుకుంటాడు, చల్లార్చి ఇవ్వాలి. ఎడమ పక్కకి తిరిగి పడుకుంటాడు. లోపలి గడియ తియ్యడం వచ్చు, పై గడియ అందదు. పొద్దున మాత్ర తెల్లది, సాయంత్రం సగం ముక్క. స్నానానికి మొరాయిస్తాడు. సబ్బు మీద పేరు చదవమంటే వస్తాడు."

"బయటికి?"

"బోర్డు కనిపిస్తే ఆగిపోతాడు. చదవనిచ్చి లాక్కురావాలి. చదవకుండా లాగితే ఏడుస్తాడు."

"సరే," అన్నాను. చెయ్యి చాచాను.

ఆమె మణికట్టు వదల్లేదు.

"సరే అన్నాను కదా."

"గడియారాలాయన కూడా ఆఁ అన్నాడు," అంది. "అక్క చెప్పేది మీ గోదాము సంగతి. ఆ మాట అను."

నేను మణికట్టు మీద చెయ్యి వేశాను. ఆమె వేళ్ళు అక్కడే ఉన్నాయి, నా వేళ్ళ కింద. మొండి ఘటం. అక్క పోలికే. ఉప్పాయనకి వందలసార్లు అన్న మాట నా గొంతులో నుంచి రావడానికి మా గుమ్మంలో అంతసేపు పట్టింది.

"నా దగ్గర," అన్నాను.

ఆమె వదిలింది. కన్నీళ్ళూ అవీ ఏమీ పెట్టుకోలేదు. పెట్టుకుంటే తలుపు వేసేవాణ్ణి. రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది.

ఎనిమిది రోజులు అతను నా దగ్గర ఉన్నాడు. మందు సీసా మీద చదివాడు, అగ్గిపెట్టె మీద చదివాడు, నా చొక్కా కాలరు లోపలి చీటీ చదివాడు. పావుగంటకోసారి తల ఎత్తి, "నేనెవరి దగ్గరున్నాను?" అనేవాడు. "నా దగ్గర," అనేవాణ్ణి. మొదటి రోజు కసురుకున్నాను. రెండో రోజు పళ్ళు బిగించి చెప్పాను. మూడో రోజు నుంచి లెక్క వదిలేశాను. అన్నం కలుపుతూ చెప్పాను, స్నానాల గది తలుపు బయట నిలబడి చెప్పాను. ఆరేళ్ళ కింద ఒక్కరు, ఒక్కసారి అనాల్సిన మాట.

నాలుగో రోజు కుట్టుపని ఆవిడ వచ్చింది. ఆరేళ్ళుగా నాతో మాట్లాడదు.

"మీరు బజారుకి పోయి రండి, అన్నగారూ. నేను చూస్తుంటానులే," అంది.

"మీరు చూసింది చాలు," అన్నాను.

ఆవిడ మొహం మాడిపోయింది. మాడనీ. తోడల్లుణ్ణి వెంటబెట్టుకునే బజారుకి వెళ్ళాను. పావుగంట నడక. రెండు గంటలు పట్టింది. వీధిలో అన్ని బోర్డులున్నాయని నాకు అంతకుముందు తెలియదు. మూలమీద ఒక పాత చెప్పుల దుకాణం బోర్డు దగ్గర మిగతా వాటికంటే ఎక్కువసేపు నిలబడ్డాడు. "ఈ అక్షరాలు బాగున్నాయి. ఎవరు రాశారో?" అన్నాడు. కింద మూలలో, చిన్నగా, అతని పేరే ఉంది. అది కూడా చదివాడు. తర్వాతి బోర్డు వైపు నడిచాడు.

తిరిగొచ్చేటప్పుడు గడియారాలాయన కొట్లోంచి లేచి నిలబడి ఏదో అనబోయాడు. నేను ఆగలేదు. ఆయన మాట నాకు అక్కర్లేదు.

తొమ్మిదో రోజు పొద్దున మరదలు వచ్చింది. మొహం పీక్కుపోయి ఉంది. కడుపు మీద ఒక చెయ్యి అదిమిపెట్టుకుని, రెండో చెయ్యి చాచింది. ఇంకెవరినైనా పంపి ఉండొచ్చు. పంపలేదు. ఆ మాట వరకు ఒప్పుకుంటాను.

"గడ్డ తీశారా?"

"తీశారు. పరీక్షకి పంపారు."

సంచి ఆమె భుజానికి తగిలించలేదు, బరువెత్తకూడదు కదా. తోడల్లుడి భుజానికే తగిలించాను. మణికట్టు మాత్రం పట్టుకునే ఉన్నాను.

"అను," అన్నాను.

"నా దగ్గర," అంది.

వదిలాను. ఆమె వెంటనే కదల్లేదు.

"బావా, అక్క విషయంలో..."

"దాని జోలికి రాకు," అన్నాను. "నువ్వన్నది వినకుండా పోయాను, అది నా తప్పు. తెలిసీ తలుపు దాటావు, అది నీ తప్పు. ఒకటి చూపించి ఇంకోటి తుడిచెయ్యడానికి లేదు. పరీక్ష ఫలితం వచ్చాక మళ్ళీ ఆసుపత్రికి పొమ్మంటే ఈయన్ని తీసుకురా. ఊరికే మాత్రం రాకు."

ఆమె తల ఊపింది. ఇద్దరూ మెట్లు దిగడం మొదలుపెట్టారు, ఎవరు ఎవరిని పట్టుకుని దిగుతున్నారో తెలియకుండా. నేను గుమ్మంలోనే నిలబడ్డాను. రెండో అంతస్తు మలుపులో తోడల్లుడు ఆగాడు.

"నేనెవరి దగ్గరున్నాను?"

పైన నా నోరు తెరుచుకుంది. మూసుకున్నాను.

ఆమెకి ఆయాసంగా ఉంది. జవాబు రావడానికి కొంచెంసేపు పట్టింది. ఈసారి ఆగాను.

"నా దగ్గర," అంది కింద నుంచి.

విని, తలుపు వేసుకున్నాను.